పాల కార్డు యాప్: సొంత సర్వర్ లేకుండా ఆరు వారాలు (ప్రాజెక్టు డైరీ)

మొదటి వారం, శనివారం

మా మామయ్య ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. అద్దంకికి దగ్గర. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట, మొత్తం 64 ఇళ్ల పాలు. లీటర్లు కొలుస్తాడు, శాంపిల్ మెషీన్లో పెట్టి ఫ్యాట్ (వెన్న శాతం) చూస్తాడు, తన పెద్ద పుస్తకంలో ఒక వరస, రైతు తెచ్చిన పాల కార్డులో ఇంకో వరస రాస్తాడు. పదిరోజులకోసారి బిల్లు. బిల్లుకి ముందు రాత్రి క్యాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నాడంటే అత్తయ్య అన్నం రెండుసార్లు వేడి చేయాల్సిందే.

"ఇదంతా ఫోన్లో అయిపోయేట్టు చెయ్యరాదా అల్లుడూ, నీ పని అదేగా" అన్నాడు పండక్కి వెళ్లినప్పుడు.

నా పని అది కాదు, సగమే అది. ఐదేళ్లుగా ఫ్లట్టర్‌లో (ఫోన్ యాప్‌లు కట్టే సాధనం) యాప్ తెరలు చేస్తున్నాను. సర్వర్ ఎప్పుడూ పక్క టీమ్ వాళ్లది. వాళ్లు ఏపీఐ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి) ఇస్తారు, నేను వాడతాను, పని చేయకపోతే వాళ్ల పేరు మీద టికెట్, అంటే ఫిర్యాదు, వేస్తాను. ఈసారి టికెట్ వేయడానికి ఎవరూ లేరు.

కాగితం మీద రాసుకున్నాను: ఎంట్రీలు ఎక్కడో భద్రంగా ఉండాలి. మామయ్య ఫోను, సాయం చేసే కుర్రాడి ఫోను రెండిట్లో ఒకే లెక్క కనపడాలి. రైతు తన లెక్క తాను చూసుకోగలగాలి. అన్నిటికన్నా ముఖ్యం, కేంద్రం రేకుల షెడ్డు. లోపల సిగ్నల్ ఉండదు. బయట వేపచెట్టు కిందకి వస్తే రెండు గీతలు. నెట్ లేనప్పుడు కూడా ఎంట్రీ పడాల్సిందే, వెనక యాభై మంది క్యాన్లు పట్టుకుని నిలబడి ఉంటారు.

ఆదివారం

అద్దెకి ఒక చిన్న లైనక్స్ మెషీన్ తీసుకుని నేనే ఏపీఐ రాసుకోవచ్చు. నెలకి కొన్ని వందలే. కానీ దానికి అప్‌డేట్లు, సర్టిఫికెట్లు, బ్యాకప్పు, అర్ధరాత్రి డిస్క్ నిండిపోతే లేచి చూడటం, అన్నీ నా నెత్తిన. అందుకని రెడీమేడ్ క్లౌడ్ బ్యాకెండ్ (యాప్ తెర వెనక పనంతా ఇంటర్నెట్ మీద చేసిపెట్టే సర్వీసు) వైపు వెళ్లాను. డేటాబేస్, లాగిన్, ఫైళ్లు, నోటిఫికేషన్లు వాళ్ల దగ్గర ముందే కట్టి ఉంటాయి. యాప్‌లో వాళ్ల లైబ్రరీ పెట్టుకుని నేరుగా మాట్లాడటమే.

ఇద్దరిని గట్టిగా పరిశీలించాను. సూపాబేస్: కింద ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ బాహాటం), రేపు విసుగొస్తే డేటాబేస్ ఎత్తుకుని ఇంకోచోటికి పోవచ్చు. మనసు అటే లాగింది. కానీ నెట్ లేనప్పుడు ఫోన్లో రాసుకుని తర్వాత పంపే ఏర్పాటు అందులో దానంతటదిగా రాదు, ఇంకో సాధనం జతచేయాలి. రెండోది గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్. అందులోని డేటాబేస్ ఫైర్‌స్టోర్‌కి ఆండ్రాయిడ్‌లో ఆ ఏర్పాటు మొదట్నుంచే ఆన్‌లో ఉంటుంది. వేపచెట్టు తీర్పు చెప్పేసింది. ఫైర్‌బేస్.

ఒక భయం మాత్రం ఉంది. ఈ రంగంలో పార్స్ అని ఒకటుండేది, 2011లో మొదలైంది. 2013లో ఫేస్‌బుక్ కొన్నది, 2016 జనవరిలో మూసేస్తున్నామని చెప్పింది, ఏడాది గడువిచ్చి 2017 జనవరిలో మూసేసింది. కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేసి వెళ్లారు, అంతవరకు నయం. ఫైర్‌బేస్ కూడా 2011లో పుట్టిందే. ముందు వాళ్లది వెబ్‌సైట్లలో పెట్టుకునే చాట్ సర్వీసు. కొందరు డెవలపర్లు చాట్ మెసేజిల బదులు ఆటల స్థితిని అందులోంచి పంపుకోవడం చూసి, జనానికి కావాల్సింది చాట్ కాదు, ఆ కింద ఉన్న సింకింగ్ (అన్నిచోట్లా ఒకే డేటా ఉంచడం) అని పట్టుకున్నారు. 2014లో గూగుల్ కొన్నది. ఇవాళ ఉంది కదా అని ఎప్పటికీ ఉంటుందనుకోను. డేటా వారానికోసారి నా ల్యాప్‌టాప్‌కి దిగాలి అని కాగితం మీద ఇంకో వరస రాసుకున్నాను.

ప్రాజెక్టు తెరిచాను. డేటాబేస్ ఏ ఊళ్లో పెట్టాలని అడుగుతుంది. ఇక్కడ ఆదమరిచి నొక్కేయకండి, ఆ డేటాబేస్‌కి తర్వాత మార్చుకునే వీలు లేదు. ముంబై పెట్టాను, దాని కోడ్ పేరు 'ఏషియా సౌత్ 1'.

రెండో వారం

మొదటి డిజైన్: ఒక్కో ఎంట్రీ ఒక్కో డాక్యుమెంట్ (ఫైర్‌స్టోర్‌లో డేటా దాచే ముక్క). రైతు నంబరు, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, రేటు. మామూలు (ఎస్‌క్యూఎల్) డేటాబేస్ టేబుల్‌లో ఒక వరస ఎలాగో అలాగే అనుకున్నాను. (ఈ మాట గుర్తుంచుకోండి, నాలుగో వారంలో దీనికి బిల్లు వస్తుంది.)

డబ్బుల్ని పైసల్లో పూర్ణ సంఖ్యగా, ఫ్యాట్ 6.8ని 68గా, నాలుగున్నర లీటర్లని 4500 మిల్లీలీటర్లుగా పెట్టాను. దశాంశాలు కూడితే కంప్యూటర్ 0.1కి 0.2 కలిపి 0.30000000000000004 అనే రకం. ఆ ముక్క బిల్లు రోజు రైతుకి నేను చెప్పలేను. గోడ మీద అతికించిన రేట్ల చార్టు కూడా డేటాబేస్‌లో పెట్టాను కానీ, ఎంట్రీ పడ్డప్పటి రేటు ఆ ఎంట్రీలోనే అచ్చవుతుంది. చార్టు మారితే పాత బిల్లులు మారకూడదు.

శనివారం ఊరెళ్లి సాయంత్రం పూట షెడ్డులో మొదటిసారి వాడి చూశాం. 27వ నంబరు రైతు, నాలుగున్నర లీటర్లు, ఫ్యాట్ 6.8. మామయ్య 'సేవ్' నొక్కాడు. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. వెనకనుంచి "ఏందయ్యా, సినిమా ఏస్తున్నావా?" అని ఎవరో అన్నారు. మామయ్య మళ్లీ నొక్కాడు. ఇంకో రెండుసార్లు నొక్కి ఫోను నా చేతికిచ్చి పుస్తకం తీశాడు.

తప్పు నాదే. ఆఫీసు అలవాటుకొద్దీ సేవ్ చేసే లైన్ ముందు 'అవెయిట్' (ఇది ముగిసేదాకా ఆగు అనే మాట) పెట్టాను. ఫైర్‌స్టోర్‌లో రాత ఫోన్లో వెంటనే పడిపోతుంది, లిస్టులో కూడా కనపడుతుంది. కానీ ఆ 'అవెయిట్' ముగిసేది సర్వర్ సరేనన్నప్పుడే. నెట్ లేని షెడ్డులో సర్వర్ సరేననే రోజు రాదు. 'అవెయిట్' తీసేశాను. దాని బదులు, ఎంట్రీ ఇంకా పైకి పోలేదని లైబ్రరీ చెప్పే గుర్తు ఒకటుంది, 'హ్యాజ్ పెండింగ్ రైట్స్' అని. అది ఉన్నంతసేపు ఎంట్రీ పక్కన చిన్న గడియారం, పోయాక టిక్కు. "వాట్సాప్ లాగా" అన్నాడు మామయ్య. అంతకు మించి వివరించాల్సిన పని పడలేదు.

రాత్రి చెట్టు కిందకి వచ్చేసరికి ఇంకో తమాషా. 27వ నంబరుకి నాలుగు ఎంట్రీలు, పద్దెనిమిది లీటర్లు. మామయ్య నొక్కిన ప్రతి నొక్కూ క్యూలో బుద్ధిగా కూర్చుని, సిగ్నల్ తగలగానే పైకెక్కింది. డాక్యుమెంట్ ఐడీ ఆటోమేటిక్‌గా ఇమ్మన్నాను కాబట్టి నాలుగూ వేరువేరే. ఐడీని నేనే కట్టడం మొదలుపెట్టాను: తేదీ, పూట, రైతు నంబరు కలిపి. ఇప్పుడు పదిసార్లు నొక్కినా అదే డాక్యుమెంట్ మీద అదే రాత. నెట్ సరిగా లేనిచోట వాడే ఏ యాప్‌కైనా నేను ముందు చూసేది ఇకనుంచి ఇదే.

సాయం చేసే కుర్రాడికి ఒక్క హెచ్చరిక: గడియారం గుర్తులు ఉండగా ఫోన్ నిండిందని యాప్ డేటా క్లియర్ చేయొద్దు. క్యూలో ఉన్నవి ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేవు.

మూడో వారం

ఈ వారమంతా రూల్స్, అంటే ఎవరు ఏది చదవొచ్చో, ఏది రాయొచ్చో చెప్పే నియమాలు. కొత్త తెరలు ఒక్కటీ లేవు, చూపించడానికి ఏమీ లేదు. కానీ అసలు బ్యాకెండ్ పని ఇదేనని నాకు ఇప్పుడు అర్థమైంది.

పక్క టీమ్ సర్వర్ రాసినప్పుడు, ఎవరు ఏది చూడొచ్చో వాళ్ల కోడ్‌లో ఉండేది. ఇక్కడ మధ్యలో సర్వర్ లేదు, ఫోను నేరుగా డేటాబేస్‌తో మాట్లాడుతుంది. యాప్‌లో ఉండే గూగుల్ సర్వీసెస్ ఫైల్లోని కీ రహస్యమేం కాదు, ఏపీకే (యాప్ ఫైలు) విప్పినవాడికి కనపడుతుంది. ఆ కీ మన చిరునామా మాత్రమే, తాళం కాదు. తాళం సెక్యూరిటీ రూల్స్. టెస్ట్ మోడ్‌లో మొదలుపెడితే 30 రోజులు తలుపు బార్లా తెరిచి ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. గడువు దాటితే ఎవరికీ రాదు. చాలామంది ఆ ముప్పై ఒకటో రోజున రూల్స్ తెరిచి, కంగారులో "లాగిన్ అయి ఉంటే చాలు" అని ఒక లైన్ రాసి ఊపిరి పీల్చుకుంటారు. నేనూ అదే రాశాను.

మామయ్యకి ఫోన్లో చెబుతుంటే ఒకే ప్రశ్న వేశాడు. "అంటే పక్కింటోడి లెక్క వీడికి కనపడుద్దా?"

తెరలో కనపడదు మామయ్యా, కానీ...

"కానీ ఏంది? ఫలానా వాడికి ఫ్యాట్ ఏడు పడి నాకు ఆరే ఎందుకు పడిందంటే నేనేం చెప్పాలి? నా కేంద్రం రచ్చబండ అవుద్ది."

నిజమే. తెరలో దాచినంత మాత్రాన దాచినట్టు కాదు. ఫోన్ నంబరూ ఓటీపీతో ఎవరైనా లాగిన్ కాగలరు, కాబట్టి "లాగిన్ అయి ఉంటే చాలు" అంటే "ఫోనున్న ఎవరైనా సరే" అనే. మార్చిన రూల్ మాటల్లో ఇది: రాసే హక్కు మామయ్యకి, కుర్రాడికి మాత్రమే. వాళ్ల ఖాతాలకి నా ల్యాప్‌టాప్ నుంచి ఒక స్క్రిప్టుతో (చిన్న ప్రోగ్రాంతో) 'కేంద్రం' అనే ముద్ర వేశాను, దాన్ని కస్టమ్ క్లెయిమ్ అంటారు. చదివే హక్కు, ఆ డాక్యుమెంట్‌లో రాసి ఉన్న ఫోన్ నంబర్లలో లాగిన్ అయినవాడి నంబరు ఉంటేనే. నంబర్లు అని బహువచనం ఎందుకంటే, సగం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండే కొడుకు దగ్గర.

ఇక్కడ అందరూ తట్టుకుని పడే రాయి ఒకటుంది. రూల్స్ జల్లెడ కాదు. "అన్నీ ఇవ్వు, నాకు హక్కున్నవే మిగుల్చు" అంటే కుదరదు, మొత్తం అడిగితే మొత్తం తిరస్కరిస్తుంది. నా నంబరున్నవే కావాలని ప్రశ్నలోనే (క్వెరీలోనే) అడగాలి. రెండు గంటలు "పర్మిషన్ డినైడ్" చూసి, రూల్‌నే మార్చుకుంటూ కూర్చున్నాను. తప్పు రూల్‌లో లేదు, క్వెరీలో ఉంది.

ఇదంతా ల్యాప్‌టాప్‌లోనే ఎమ్యులేటర్ (ఫైర్‌బేస్‌కి నకలు) మీద చేశాను. డేటాబేస్ 8080 పోర్టులో, దాన్ని చూసే తెర 4000లో. పదకొండు టెస్టులు రాశాను. అందులో ఏడు "ఇది జరగకూడదు" రకం: 12వ నంబరు రైతు 13వ నంబరు లెక్క చదవబోతే ఆగాలి, రైతు తన ఫ్యాట్ తానే దిద్దబోతే ఆగాలి.

నాలుగో వారం, బిల్లు వచ్చిన వారం

డబ్బు బిల్లు కాదు, ఇంకా ఉచిత కోటాలోనే ఉన్నాను. ఫైర్‌స్టోర్‌లో రోజుకి 50,000 రీడ్లు (చదవడాలు), 20,000 రైట్లు (రాయడాలు), 20,000 డిలీట్లు (చెరపడాలు) ఉచితం, ఒక జీబీ నిల్వ. లెక్క సర్వర్ గంటల్లో కాదు, డాక్యుమెంట్లలో. క్వెరీ వంద డాక్యుమెంట్లు తెస్తే వంద రీడ్లు.

బుధవారం రాత్రి, పుస్తకం ధోరణిలోనే ఒక నెల డమ్మీ డేటాని స్క్రిప్టుతో నింపి, నెల మొత్తాల తెర తయారుచేస్తున్నాను. ఎమ్యులేటర్‌లో కాకుండా అసలు ప్రాజెక్టులోనే, బద్ధకం. రంగు మార్చడం, తెర తెరవడం, అక్షరం సైజు మార్చడం, తెర తెరవడం. కాసేపటికి తెర ఖాళీగా తిరగడం మొదలైంది. లాగ్‌లో "రిసోర్స్ ఎగ్జాస్టెడ్".

గుణకారం వేస్తే సిగ్గేసింది. 64 ఇళ్లు, రెండు పూటలు, 30 రోజులు: 3,840 డాక్యుమెంట్లు. తెర తెరిచిన ప్రతిసారీ అన్నీ తెస్తున్నాను. పదమూడుసార్లు తెరిస్తే 49,920. పద్నాలుగోసారికి కోటా అయిపోయింది.

సరే, అర్ధరాత్రి దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందిలే అనుకుని పడుకున్నాను. దాటింది మన అర్ధరాత్రి. కోటా తిరిగేది పసిఫిక్ కాలమానం అర్ధరాత్రికి, అంటే వాళ్ల ఎండాకాలంలో మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. పొద్దున ఆరింటికి మామయ్య ఫోన్: "ఎంట్రీలు పడుతున్నాయిగాని పాత లెక్కలు రావట్లేదు అల్లుడూ." రైట్ల కోటా వేరే కాబట్టి ఎంట్రీలు పడ్డాయి. పుస్తకం పక్కనే ఉంది కాబట్టి పరువు దక్కింది.

ఇప్పుడు డేటా ఆకారం మార్చాలి. మొదటి ఆలోచన: ప్రతి రైతుకీ ఒక మొత్తం పెట్టి, ఎంట్రీ పడ్డప్పుడల్లా దానికి కలుపుతూ పోవడం. 'ఇంక్రిమెంట్' (ఉన్న అంకెకి ఇంత కలుపు అనే ఆదేశం) నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ రెండుసార్లు నొక్కితే? ఎంట్రీ ఒకటే ఉంటుంది, మొత్తం మాత్రం రెండుసార్లు పెరుగుతుంది. 27వ నంబరు రైతు మళ్లీ కళ్ల ముందు మెదిలాడు. ట్రాన్సాక్షన్ (చదివి, సరిచూసి, ఒకే దెబ్బకి రాయడం) పెడదామంటే అది నెట్ లేకుండా నడవదు. కొట్టేశాను.

రెండో ఆలోచన: పూటకి ఒక డాక్యుమెంట్, అందులో 64 మందీ. నెలకి అరవై రీడ్లే! పావుగంట సంబరపడ్డాను. తర్వాత రచ్చబండ గుర్తొచ్చింది. రూల్స్ డాక్యుమెంట్ మొత్తాన్ని ఇస్తాయి లేదా ఆపుతాయి, అందులో సగం దాచలేవు. రైతుకి తన వరస చూపించాలంటే 64 వరసలూ ఇచ్చేయాలి.

మర్నాడు ఆఫీసు బస్సులో తట్టింది. మామయ్య దగ్గర దీని జవాబు ఎప్పట్నుంచో ఉంది, అట్ట ముక్క రూపంలో. పాల కార్డు. ఒక రైతు, పదిరోజులు, ఇరవై గళ్లు, కింద మొత్తం. దాన్ని ఎవరిది వాళ్లే ఇంటికి తీసుకుపోతారు, పక్కవాడికి కనపడదు. బిల్లు కట్టేటప్పుడు మామయ్య చూసేది ఆ ఒక్క కార్డే. నేను పుస్తకాన్ని చూసి డిజైన్ చేశాను, చూడాల్సింది కార్డుని.

కొత్త డాక్యుమెంట్ అదే: రైతు నంబరు, నెల, ఎన్నో పది. లోపల పూటకో గడి. గడిలో రాస్తే పక్క గడులు చెదరవు, రెండుసార్లు రాసినా అదే గడి. మొత్తాన్ని నిల్వ చేయడమే లేదు, కార్డు తెరిచినప్పుడు ఇరవై గడులు కూడటం ఫోనుకి లెక్క కాదు. డాక్యుమెంట్‌కి గరిష్ఠ పరిమితి ఒక మెగాబైట్, ఇది కొన్ని కిలోబైట్లు కూడా ఉండదు. బిల్లు రోజు 64 రీడ్లు. నెల మొత్తానికి 192. ముందు 3,840, అంటే ఇరవయ్యో వంతుకి దిగింది.

పోగొట్టుకున్నది కూడా ఒకటుంది. విడి ఎంట్రీగా ఉన్నప్పుడు "ఫ్యాట్ 20కి (అంటే 2.0కి) తగ్గితే, 130 (13.0) దాటితే తీసుకోకు" అని రూల్స్‌లోనే రాశాను. రూల్స్‌లో లూప్ (ఒకే తనిఖీని వరసగా తిప్పడం) ఉండదు, కార్డులోని ఇరవై గడుల్నీ అలా తనిఖీ చేయించడం చాదస్తపు పని. ఆ తనిఖీని యాప్‌లోకి తెచ్చి, వారం చివర నడిచే స్క్రిప్టులో ఇంకోసారి పెట్టాను. మనసుకి పూర్తిగా నచ్చలేదు.

ఐదో వారం

చిల్లర పనులు. ఊరందరికీ ఓటీపీలు పంపాలంటే బ్యాంకు కార్డు జతచేసి ఫైర్‌బేస్ వాళ్ల బ్లేజ్ ప్లాన్‌కి మారాలి. ఉచిత కోటా అలాగే ఉంటుంది, దాటినదానికే డబ్బు, ఎస్‌ఎంఎస్‌కి విడిగా. సొంతంగా ఎస్‌ఎంఎస్ గేట్‌వే పెట్టుకుంటే మన దేశంలో డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (టెలికాం వాళ్ల దగ్గర పంపేవాళ్ల నమోదు), మెసేజి టెంప్లేట్ల ఆమోదం అన్నీ మనమే చూసుకోవాలి. ఆ తలనొప్పి తప్పింది. టెస్టింగ్‌కి నిజం నంబర్లు వాడకండి, కన్సోల్‌లో ఉత్తుత్తి నంబర్లు పది వరకు పెట్టుకోవచ్చు, వాటికి ఎస్‌ఎంఎస్ వెళ్లదు, ఓటీపీ మీరే రాసుకోవచ్చు.

బడ్జెట్ అలర్ట్ పెట్టాను. అది మెయిల్ పంపుతుంది, అంతే, ఖర్చు ఆపదు. పేరు చూసి చాలామంది అదేదో ఫ్యూజు లాంటిదనుకుంటారు.

ఆదివారం రాత్రి నడిచే స్క్రిప్టు పాల కార్డులన్నిట్నీ సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా) నా ల్యాప్‌టాప్‌కి దించుతుంది. దానికి వాడే సర్వీస్ అకౌంట్ కీ మాత్రం నిజంగా రహస్యం, రూల్స్‌ని దాటి లోపలికి పోగలదు. గిట్‌లోకి (కోడ్ దాచిపెట్టే చోటికి) పొరపాటున కూడా ఎక్కకుండా మొదటే అడ్డం రాశాను.

ఆరో వారం

సోమవారం నుంచి అసలు వాడకం. పుస్తకం కూడా నడుస్తోంది, మామయ్య ఇంకో రెండు బిల్లుల దాకా ఆపనన్నాడు, నేనూ ఆపమనలేదు. గురువారం మొదటి బిల్లు. పుస్తకానికీ యాప్‌కీ తేడా ఒక్కచోట, 41వ నంబరుకి ముప్పై రెండు రూపాయలు. గడి గడీ సరిచూస్తే పుస్తకంలో ఒక పూట కూడటం మరిచారు. మామయ్య పైకి ఏమీ అనలేదు, పెన్ను తీసి పుస్తకంలో దిద్దాడు.

మిగిలినవి: చీటీ ప్రింటరు. దిద్దుబాటు జరిగితే పాత అంకె, ఎవరు మార్చారో కూడా నిలిచి ఉండాలి. హైదరాబాదు కొడుకులు "నాన్న పాలు పోశాడా లేదా" అని నోటిఫికేషన్ అడుగుతున్నారు. అది చేయాలంటే క్లౌడ్ ఫంక్షన్లలోకి (వాళ్ల సర్వర్ల మీద నడిచే మన కోడ్) దిగాలి, వచ్చే నెల చూద్దాం.

నిన్న సాయంత్రం పూట 61 గడులే నిండాయి. మూడు తక్కువ. సింక్‌లో ఎక్కడో మింగేసిందని రాత్రి పన్నెండు దాకా లాగ్‌లు తిరగేశాను. రెండు ఫోన్లలోనూ గడియారం గుర్తు ఒక్కటీ మిగల్లేదు. పొద్దున్నే మామయ్యకి ఫోన్ చేసి ఆ మూడు నంబర్లు చదివాను.

"వాళ్ల గేదెలు వట్టిపోయినయ్యి అల్లుడూ" అన్నాడు.